స్టార్‌క్రాఫ్ట్, బ్రూడ్ వార్ కొత్తగా ఆడేవారికి: ముందు ఖర్చు, తర్వాతే యుద్ధం

స్టార్‌క్రాఫ్ట్ అనే కంప్యూటర్ యుద్ధ వ్యూహపు ఆటను నేర్పమని ఎవరైనా అడిగితే, నేను వాళ్లకు ముందుగా చూపించేది తెర పైన కుడి మూలన కనిపించే మూడు అంకెలు. మొదటిది మినరల్స్, రెండోది వెస్పీన్ గ్యాస్, ఈ రెండూ ఆటలో ఖర్చుపెట్టే డబ్బు. మూడోది సప్లై, అంటే మీ యూనిట్లు (పనివాళ్లు, సైనికులు) ఎంత చోటు తీసుకున్నారో, ఇంకెంత ఖాళీ ఉందో చెప్పే లెక్క. కొత్తవాళ్ల చూపు సహజంగానే యుద్ధం జరిగే చోటికి పోతుంది. ఆట గెలిచేదీ ఓడేదీ మాత్రం ఎక్కువగా ఆ మూలనే. మినరల్స్ అంకె 1000 చూపిస్తోందంటే, 10 మంది జీలట్లు (ప్రోటాస్ జాతి సైనికులు) పుట్టకుండా ఉండిపోయారని అర్థం. అవతలివాడి దగ్గర ఆ పదిమందీ ఉన్నారు, మీ దగ్గర వాళ్ల ఖరీదు మాత్రమే ఉంది. ఎంత చక్కగా పోరాడినా ఆ తేడా పూడదు.

కాబట్టి ఈ వ్యాసంలో నేను గొప్ప గొప్ప వ్యూహాల జోలికి పోను. చేతిలో డబ్బు నిలవ ఉండకుండా ఆడటం ఎలాగో, దానికి చేతులను ఎలా అలవాటు చేయాలో చెబుతాను. తర్వాత దెబ్బల లెక్క, ఎత్తుపల్లాల సంగతి, బ్రూడ్ వార్‌తో వచ్చిన కొత్త యూనిట్లను తట్టుకునే పద్ధతి చూద్దాం.

ఆట సంపాదించడం, జాతి ఎంచుకోవడం

బ్లిజార్డ్ సంస్థ స్టార్‌క్రాఫ్ట్‌ను 1998 మార్చి 31న విడుదల చేసింది. దానికి విస్తరణ (అదనపు భాగం) అయిన బ్రూడ్ వార్ అదే ఏడాది చివర్లో వచ్చింది. 2017 ఏప్రిల్ నుంచి ఈ రెండూ కలిపి ఉచితం. అదే ఏడాది ఆగస్టులో వచ్చిన రీమాస్టర్డ్ కూర్పుకు డబ్బు చెల్లించాలి. అందులో బొమ్మలు, శబ్దాలు పదునెక్కాయి తప్ప ఆట నియమాలు పాతవే. ఎఫ్5 నొక్కితే పాత బొమ్మలూ కొత్త బొమ్మలూ అప్పటికప్పుడు మారతాయి. నేర్చుకోవడానికి ఉచిత కూర్పు పూర్తిగా సరిపోతుంది.

జాతులు మూడు: టెర్రన్లు, జెర్గ్‌లు, ప్రోటాస్. నేను ప్రోటాస్ ఆడతాను, కొత్తవారికీ అదే సూచిస్తాను. నా అభిమానం పక్కన పెట్టినా దానికి కారణాలున్నాయి. టెర్రన్ కట్టడం కట్టాలంటే ఎస్‌సీవీ అనే పనివాడు పని పూర్తయ్యేదాకా అక్కడే ఉండాలి. జెర్గ్ కట్టడం కట్టాలంటే డ్రోన్ తానే ఆ కట్టడంగా మారిపోతుంది, అంటే ఒక పనివాడు పోయినట్టే. ప్రోటాస్ పనివాడైన ప్రోబ్ మాత్రం కట్టడానికి చోటు చూపించి, వెంటనే గని దగ్గరికి తిరిగి వెళ్లిపోవచ్చు. ఒకే ప్రోబ్‌తో వరసగా నాలుగు కట్టడాలు మొదలుపెట్టవచ్చు. రెండో కారణం, ఈ ఆటలో ఒకసారి 12 యూనిట్లను మించి ఎంచుకోలేరు. ఒక్కో జీలట్ 2 సప్లై తీసుకుంటాడు కాబట్టి ప్రోటాస్ సైన్యంలో తలకాయలు తక్కువ, చేతికి భారం తక్కువ. అదే 50 మినరల్స్‌కు రెండేసి పుట్టే జెర్గ్‌లింగ్‌లను నడపడం మొదట్లో చాలా కష్టం. పైగా జెర్గ్ ఆటగాడు ప్రతి లార్వానూ (జెర్గ్ యూనిట్లు పుట్టుకొచ్చే పురుగుపిల్ల) పనివాడిగా చేయాలా, సైనికుడిగా చేయాలా అని ఆట పొడవునా నిర్ణయించుకుంటూనే ఉండాలి. ఆ తీర్పు అనుభవంతో మాత్రమే వస్తుంది.

మీ మనసు టెర్రన్ల మీదే ఉంటే నేను అడ్డు చెప్పను. ఇష్టమైన జాతితోనే ఎక్కువకాలం ఆడగలరు. నేను ఇక్కడ చెప్పే అలవాట్లు మూడింటికీ పనికొస్తాయి, పేర్లు మార్చుకుంటే చాలు.

కథ ఆడాలనుకుంటే వరస తప్పించకండి. మొదటి ఆటలో టెర్రన్, జెర్గ్, ప్రోటాస్ అనే క్రమంలో 30 ఘట్టాలు, బ్రూడ్ వార్‌లో ప్రోటాస్, టెర్రన్, జెర్గ్ అనే క్రమంలో 26 ఘట్టాలు ఉన్నాయి. రెండో కథ మొదటి కథ ముగిసిన చోటి నుంచే నడుస్తుంది. కథలో కీలక పాత్ర అయిన కెరిగన్ ఎవరో, ఆమెను ఎవరు ఎక్కడ వదిలేశారో తెలియకుండా బ్రూడ్ వార్‌లో ఆమె ఎత్తుగడలు చూస్తే ఆ బరువు తెలియదు. ఆట నేర్చుకోవడానికి మాత్రం టెర్రన్ మొదటి నాలుగైదు ఘట్టాలు చాలు. ముఖ్యంగా 30 నిమిషాలు నిలబడమని చెప్పే మూడో ఘట్టం, ఒక వాలు దారిని పట్టుకుని కాపాడటం ఎలాగో నేర్పుతుంది. అయితే కథలో కంప్యూటర్ మీకోసం ఆగుతుంది. మనిషి ఆగడు. అందుకే ఆ నాలుగైదు ఘట్టాల తర్వాత మామూలు ఆటలోకి వచ్చేయండి.

మొదటి నాలుగు నిమిషాలు

ఆట మొదలయ్యేసరికి మీ దగ్గర ఒక నెక్సస్ (ప్రోబ్‌లను తయారుచేసే మూల కట్టడం), 4 ప్రోబ్‌లు, 50 మినరల్స్ ఉంటాయి. ప్రోబ్ ధర సరిగ్గా 50. కాబట్టి తెర కనబడగానే మీరు చేయాల్సిన మొదటి పని నెక్సస్‌ను ఎంచుకుని పి నొక్కడం. నాలుగు ప్రోబ్‌లను గనులకు పంపడం రెండో పని. వీలైతే నాలుగింటినీ నాలుగు వేర్వేరు మినరల్ స్ఫటికాల మీదికి పంపండి. ఒకదాని వెనుక ఒకటి వరస కట్టకుండా ఉంటాయి.

ఇక్కడ ఈ ఆటకున్న ఒక కఠిన నియమం చెప్పాలి. కొత్తగా పుట్టిన పనివాడు తనంతట తాను గనికి వెళ్లడు. నెక్సస్ పక్కన నిలబడి ఉంటాడు. ప్రతి ప్రోబ్‌నూ మీరే చేత్తో పంపాలి. తర్వాత వచ్చిన ఆటల్లో ఈ పని తానంతట అదే జరిగిపోతుంది కాబట్టి, వాటికి అలవాటు పడినవారికి ఇది చికాకు కలిగిస్తుంది. నాకు ఇందులోనే ఆట ప్రాణం కనిపిస్తుంది. మీ దృష్టి ఎటు ఉంటే అటే ఫలితం వస్తుంది, మరచిపోయినవాడు మరచిపోయినంత నష్టపోతాడు.

ప్రోబ్ ఒక్కో విడతకు 8 మినరల్స్ మోసుకొస్తుంది. మామూలుగా ఆడే అత్యంత వేగంలో నిమిషానికి ఇంచుమించు 60 తెస్తుంది, అంటే దానిమీద పెట్టిన 50 సుమారు ఒక నిమిషంలో తిరిగి వచ్చేస్తుంది. ఆ తర్వాత వచ్చేదంతా లాభమే. అందుకే మొదటి నిమిషాల్లో నెక్సస్ ఒక్క క్షణం కూడా ఖాళీగా ఉండకూడదు. ఒక ప్రోబ్ తయారీకి దాదాపు 13 సెకన్లు పడుతుంది. ఆ లయ కొన్ని ఆటల తర్వాత ఒంటికి పట్టేస్తుంది, గడియారం చూడక్కర్లేదు.

కట్టే వరసను సప్లై అంకెతో గుర్తుపెట్టుకుంటారు. మీరు నేర్చుకోవాల్సిన మొదటి వరస ఇది. సప్లై 8కి రాగానే పైలాన్ (సప్లై హద్దును పెంచేది), 10 దగ్గర గేట్‌వే (సైనికులను తయారుచేసేది), 12 దగ్గర అసిమిలేటర్ (గ్యాస్ తీసేది), 13 లేదా 14 దగ్గర సైబర్నెటిక్స్ కోర్ (డ్రాగూన్లకు అవసరమైనది), 15 దగ్గర రెండో పైలాన్. ఆ వెంటనే దూరం నుంచి కాల్చే డ్రాగూన్లు. ఈ మధ్యలో ప్రోబ్‌లు ఆగకూడదు. ధరలు కూడా నోటికి రావాలి: పైలాన్ 100, గేట్‌వే 150, అసిమిలేటర్ 100, కోర్ 200. డ్రాగూన్‌కు 125 మినరల్స్, 50 గ్యాస్. అసిమిలేటర్ పూర్తవగానే 3 ప్రోబ్‌లను గ్యాస్‌కు పంపండి, అంతకు మించి సాధారణంగా అక్కర్లేదు.

పైలాన్ డబ్బు పోగవుతుండగానే ఒక ప్రోబ్‌ను కట్టే చోటికి ముందే నడిపించండి. 100 పూర్తయిన క్షణానికి అది అక్కడ నిలబడి ఉండాలి. చిన్న విషయమే అయినా, ప్రతి కట్టడానికీ ఇలా చేస్తే ఆట మధ్యకొచ్చేసరికి అవతలివాడికంటే ఒక గేట్‌వే ముందుంటారు.

ఆ మొదటి పైలాన్ పెట్టిన ప్రోబ్‌నే, లేదా గేట్‌వే పెట్టిన దాన్నే, శత్రువును వెతకడానికి పంపండి. నేను కొత్తవారిని ఫైటింగ్ స్పిరిట్ అనే మ్యాప్ మీద ఆడమంటాను. నాలుగు మూలల్లో నాలుగు స్థావరాలు ఉంటాయి, ప్రతి దానికీ దిగువన రెండో నెక్సస్ పెట్టుకునే చోటు ఉంటుంది, దారులు తేటగా ఉంటాయి. మ్యాప్‌లు మార్చి మార్చి ఆడకండి. ఒక్క మ్యాప్ మీద చేతులు కుదిరాక మిగతావి తేలికవుతాయి.

వెళ్లిన ప్రోబ్ ఏం చూడాలి? జెర్గ్ అయితే, జెర్గ్‌లింగ్‌లకు అవసరమైన స్పానింగ్ పూల్ అనే కట్టడం ఎప్పుడు కట్టాడన్నది. మీ ప్రోబ్ వెళ్లేసరికే పూల్ పూర్తయి జెర్గ్‌లింగ్‌లు బయలుదేరి ఉంటే, మీ ఇంట్లో ప్రోబ్‌లను యుద్ధానికి సిద్ధం చేయాలి. గని పని మీద ఉన్న పనివాళ్లు ఒకరిలోంచి ఒకరు దూసుకుపోగలరు. కాబట్టి ప్రోబ్‌లన్నింటినీ ఎంచుకుని ఒక స్ఫటికం మీద నొక్కితే అవి శత్రువుల గుంపులోంచి జారుకుని అక్కడికి చేరతాయి, అక్కడి నుంచి ఒక్కసారిగా తిరగబడవచ్చు. ఇది తెలిసినవాడి ఇల్లు తొందరగా కూలదు.

చేతులకు అలవాటు చేయాల్సిన చక్రం

మౌస్‌తో బొమ్మల మీద నొక్కుతూ ఈ ఆట ఆడలేరు. మొదటి రోజు నుంచే కీబోర్డు వాడండి. ప్రోటాస్‌కు బి నొక్కాక పి అయితే పైలాన్, జి అయితే గేట్‌వే, ఎ అయితే అసిమిలేటర్, వై అయితే కోర్, ఎన్ అయితే నెక్సస్. గేట్‌వేలో జడ్ జీలట్, డి డ్రాగూన్. ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని కీబోర్డు పక్కన పెట్టుకోండి. నా దగ్గర నేర్చుకునేవారికి నేను మొదట చెప్పే పని ఇదే. ఆ కాగితం అవసరం ఎప్పుడు తీరిందో వాళ్లకే తెలియదు, వేళ్లు ముందే నేర్చేసుకుంటాయి.

అంకెల కీల గుంపులు ఇంకా ముఖ్యం. ఏదైనా ఎంచుకుని కంట్రోల్ పట్టుకుని 1 నొక్కితే అది ఒకటో గుంపు అవుతుంది. తర్వాత 1 నొక్కితే చాలు, ఎక్కడున్నా ఎంపికవుతుంది. రెండుసార్లు నొక్కితే తెర అక్కడికి వెళుతుంది. నా అమరిక ఇలా ఉంటుంది: 1, 2, 3 సైన్యం, 4 నెక్సస్, 5 నుంచి గేట్‌వేలు. కట్టడాలను ఈ ఆటలో ఒక్కొక్కటిగానే ఎంచుకోగలం కాబట్టి ఒక్కో గేట్‌వేకు ఒక్కో అంకె. అప్పుడు 4 పి, 5 డి, 6 డి, 7 జడ్ అని వరసగా వేళ్లు ఆడించేస్తే, తెర యుద్ధం మీదే ఉండగా ఇంట్లో నాలుగు యూనిట్లు మొదలవుతాయి. ఈ ఒక్క కదలిక పట్టుబడితే కొత్తవారి ఆట రూపే మారిపోతుంది.

ఇక చక్రం. ఆట సాగినంతసేపూ ఈ వరసను తిప్పుతూనే ఉండాలి. డబ్బు అంకె చూడు, ప్రోబ్ మొదలుపెట్టు, గేట్‌వేలు నింపు, సప్లై చూడు, అవసరమైతే పైలాన్ పెట్టు, చిన్న మ్యాప్ చూడు, సైన్యం చూడు, మళ్లీ డబ్బు. వంటింట్లో మూడు పొయ్యిలు వెలిగించుకున్నవాళ్లు దేన్నీ ఎక్కువసేపు చూడకుండా, దేన్నీ మాడనివ్వకుండా తిరుగుతుంటారే, ఆ తిరుగుడే ఇక్కడ కావాలి. యుద్ధం ఎంత రసపట్టులో ఉన్నా రెండు మూడు సెకన్లకు మించి కళ్లు అక్కడే ఉంచకండి.

ఒక గేట్‌వేలో వరసగా ఐదు యూనిట్ల దాకా ముందే చెప్పి పెట్టుకోవచ్చు. కొత్తవారికి ఇది సౌకర్యంగా కనిపిస్తుంది. చేయకండి. వరసలో పెట్టిన ప్రతిదానికీ డబ్బు అప్పుడే తీసేసుకుంటారు. ఐదు డ్రాగూన్లు పెడితే 625 మినరల్స్ పోతాయి, కానీ తయారవుతున్నది ఒక్కటే. మిగతా 500 అక్కడ నిద్రపోతాయి. ఆ డబ్బుతో మూడు గేట్‌వేలు కట్టి మూడింట్లోనూ పని నడపవచ్చు. డబ్బు మిగులుతుంటే మందు ఇదొక్కటే: మరో గేట్‌వే. దాన్ని నింపలేకపోతే మరిన్ని ప్రోబ్‌లు, అంటే మరో నెక్సస్.

పైలాన్ల లెక్క కూడా ఊహించి పెట్టేది కాదు. పైలాన్ దిగడానికి 19 సెకన్ల వరకూ పడుతుంది. జీలట్‌కు 25 సెకన్లు. నెక్సస్, రెండు గేట్‌వేలు నడుస్తుంటే ఆ 19 సెకన్లలో నాలుగైదు సప్లై తినేస్తారు. కాబట్టి సప్లైలో నాలుగైదు ఖాళీ ఉండగానే పైలాన్ పెట్టాలి. గేట్‌వేలు ఆరు అయ్యాయంటే ఒక్కసారే రెండేసి పెట్టాలి, ఎందుకంటే ఒక పైలాన్ ఇచ్చేది 8 మాత్రమే. మొత్తం హద్దు 200. సప్లై చాలడం లేదని ఆట గొంతు హెచ్చరించిందంటే అప్పటికే ఆలస్యమైందన్నమాట.

సైన్యాన్ని నడిపేటప్పుడు ఒక్క కీ మీ ప్రాణం కాపాడుతుంది, అది ఎ. మౌస్ కుడి మీట నొక్కి పంపితే సైన్యం కళ్లు మూసుకుని నడుస్తుంది, దారిలో కాల్చేవాళ్లను పట్టించుకోకుండా చచ్చిపోతుంది. ఎ నొక్కి నేల మీద ఎడమ మీట నొక్కితే, దారిలో ఎదురైనవారితో పోరాడుతూ వెళుతుంది. యుద్ధంలో వెనక్కి రావడానికి కుడి మీట, ముందుకు వెళ్లడానికి ఎ. డ్రాగూన్లు వాలు దారుల దగ్గర ఒకదానికొకటి అడ్డుపడి తికమక పడతాయి. వాటి నడక తీరే అంత. వాలు ఎక్కించేటప్పుడు చిన్న చిన్న గుంపులుగా, దగ్గర దగ్గర గమ్యాలు చూపిస్తూ పంపండి.

దెబ్బల లెక్క

ఆటలో ఎక్కడా పెద్దగా వివరించని విషయమిది. తెలిస్తే సగం సందేహాలు తీరతాయి. దెబ్బలు మూడు రకాలు: మామూలు, పేలుడు, అదురు. శరీరాలు మూడు పరిమాణాలు: చిన్న, మధ్యస్థ, పెద్ద. మామూలు దెబ్బ అందరికీ పూర్తిగా తగులుతుంది. పేలుడు దెబ్బ పెద్దవాటికి పూర్తిగా, మధ్యస్థమైనవాటికి 75 శాతం, చిన్నవాటికి 50 శాతం. అదురు దెబ్బ దానికి తలకిందులు: చిన్నవాటికి పూర్తిగా, మధ్యస్థమైనవాటికి 50 శాతం, పెద్దవాటికి 25 శాతం. ప్రోటాస్ కవచం మీద మాత్రం ఏ రకమైనా పూర్తిగానే పడుతుంది, తగ్గింపు కవచం పోయాక లోపలి శరీరానికే.

ఇప్పుడు టెర్రన్‌తో యుద్ధం చూడండి. వల్చర్ అనే టెర్రన్ బండిది 20 అదురు దెబ్బ. జీలట్ చిన్న శరీరం, అంటే పూర్తి 20 పడుతుంది. డ్రాగూన్ పెద్దది, కవచం పోయాక 5 మాత్రమే. కాబట్టి వల్చర్ల మీదికి డ్రాగూన్లు వెళ్లాలి. సీజ్ ట్యాంకు పాతుకుని కాలిస్తే 70 పేలుడు దెబ్బ, 12 గడుల దూరం. డ్రాగూన్‌కు అది పూర్తిగా తగులుతుంది, జీలట్ శరీరానికి సగమే. కాబట్టి ట్యాంకుల మీదికి జీలట్లు ముందు పరుగెత్తాలి. టెర్రన్ ఈ రెండింటినీ కలిపి తెస్తాడు గనుక మీరూ రెండింటినీ కలిపి తీసుకెళ్లాలి. వల్చర్ మూడేసి స్పైడర్ మైన్లు పాతుతుంది, ఒక్కోటి 125 దెబ్బ. వాటిని దూరం నుంచి కాల్చేది డ్రాగూన్లే, నేలలో దాగిన వాటిని చూపించేది అబ్జర్వర్ అనే యూనిట్. ఈ నాలుగు వాక్యాలు అర్థమైతే ప్రోటాస్, టెర్రన్ పోరు అస్థిపంజరం మీ చేతికి వచ్చినట్టే.

జెర్గ్ మీద లెక్క వేరు. జెర్గ్‌లింగ్ చిన్నది. డ్రాగూన్ 20 పేలుడు దెబ్బ దానికి 10 అయిపోతుంది. అందుకే జెర్గ్‌లింగ్‌ల ముందు డ్రాగూన్ల గుంపు తేలిపోతుంది, జీలట్ల 8, 8 మామూలు దెబ్బలే మేలు.

ఎత్తు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. కింద నుంచి మెరక మీదున్నవారిని దూరం నుంచి కాలిస్తే దాదాపు 53 శాతం గుళ్లే తగులుతాయి. మిగతావి వృథా. పైగా పైన కన్ను లేకపోతే పైవారు కనిపించరు కూడా. కాబట్టి మీ వాలు పైన నాలుగు డ్రాగూన్లు, కింద శత్రువువి ఆరు డ్రాగూన్లు ఉన్నా మీరు భయపడక్కర్లేదు. అదే కారణంగా, మీరు కింద ఉన్నప్పుడు పైకి కాలుస్తూ నిలబడకండి. ఎక్కేయండి, లేదా వెనక్కి రండి.

బ్రూడ్ వార్ తెచ్చిన మార్పు

విస్తరణ 7 కొత్త యూనిట్లను తెచ్చింది. టెర్రన్లకు మెడిక్, వాల్కిరీ. జెర్గ్‌లకు లర్కర్, డివౌరర్. ప్రోటాస్‌కు డార్క్ టెంప్లార్, డార్క్ ఆర్కాన్, కోర్సెయిర్. వీటిలో వాల్కిరీ, డివౌరర్, డార్క్ ఆర్కాన్ గురించి కొత్తలో తలకెక్కించుకోకండి. మిగతా నాలుగూ ఆటను తిరగరాశాయి. మెడిక్ లేకపోతే టెర్రన్ కాల్బలమైన మెరైన్ల దండు బలహీనం. మెరైన్ స్టిమ్ అనే ఉత్తేజక మందు ఎక్కించుకున్నప్పుడల్లా 10 ప్రాణం పోగొట్టుకుంటాడు, మెడిక్ ఆ పోయినదాన్ని నింపుతుంది. టెర్రన్ వీరుడిగా కొరియా అంతా తెలిసిన బాక్సర్ అనే ఆటగాడి లాంటివారు ఈ మెరైన్, మెడిక్ జోడీతో చేసిన విన్యాసాలు చూడకుండా వదలకండి.

లర్కర్‌ను, డార్క్ టెంప్లార్‌ను కలిపే సూత్రం ఒకటే: కనబడవు. లర్కర్ నేలలో దూరి, వరస ముళ్లతో ఒక గీత పొడుగునా ఉన్నవారందరినీ 20 చొప్పున పొడుస్తుంది. డార్క్ టెంప్లార్ ఎప్పుడూ అదృశ్యమే, ఒక్క వేటుకు 40. డ్రోన్‌కున్న ప్రాణం సరిగ్గా 40. ఒక్కడు పనివాళ్ల మధ్యకు చేరి అరనిమిషం ఉన్నా ఆ ఇల్లు ఖాళీ అవుతుంది.

కాబట్టి బ్రూడ్ వార్‌లో కన్ను సంపాదించడం సైన్యం సంపాదించడంతో సమానం. టెర్రన్‌కు మిసైల్ టరెట్, సైన్స్ వెసెల్, కామ్‌శాట్ స్కాన్ ఉన్నాయి. జెర్గ్‌కు ఓవర్‌లార్డ్‌లు, స్పోర్ కాలనీలు. మనకు ఫోటాన్ కెనన్, అబ్జర్వర్. జెర్గ్ ఇంట్లో హైడ్రాలిస్క్ డెన్, దానితోపాటు లెయిర్ అనే కట్టడాలు కనిపించాయంటే లర్కర్లు వస్తున్నాయనే అనుకోండి. అబ్జర్వర్ దాకా చేరడానికి రోబోటిక్స్ ఫెసిలిటీ, అబ్జర్వేటరీ, చివరికి అబ్జర్వర్ అన్నీ కలిపి 275 మినరల్స్, 375 గ్యాస్ ఖర్చు. ఆ గ్యాస్ పోగవడానికి సమయం పడుతుంది, అందుకే చూసిన వెంటనే మొదలుపెట్టాలి. లర్కర్లు గుమ్మం ముందుకొచ్చాక మొదలుపెడితే ఉపయోగం లేదు. అబ్జర్వర్ వచ్చేలోగా గనుల దగ్గర, గుమ్మం దగ్గర ఒక్కో కెనన్ ఉంటే నిద్ర పడుతుంది.

జెర్గ్ మీద కోర్సెయిర్, డార్క్ టెంప్లార్ జోడీ ఎందుకంత అందమైనదో కూడా ఇప్పుడు అర్థమవుతుంది. జెర్గ్‌కు సప్లై ఇచ్చేవీ, అదృశ్యులను చూపించేవీ ప్రధానంగా ఓవర్‌లార్డ్‌లే. వేగం పెంచుకోకముందు అవి గాలిలో మెల్లగా తేలుతుంటాయి. గాలిలో ఎగిరే కోర్సెయిర్లు వాటిని వెంటాడి కూల్చాయంటే జెర్గ్‌కు ఒకే దెబ్బతో సప్లై పోతుంది, చూపూ పోతుంది. ఆపైన డార్క్ టెంప్లార్ నడిచి వస్తే ఆపేవారు లేరు. 2007 మార్చి 3న కొరియాలో ఎంఎస్‌ఎల్ అనే పోటీ ఫైనల్లో బిసు అనే ప్రోటాస్ ఆటగాడు, అప్పటి జెర్గ్ దిగ్గజం సేవియర్‌ను 3-0తో ఓడించింది ఈ ఆలోచన మీదే. అప్పటిదాకా ఈ పోరులో ప్రోటాస్‌కు ఆశే లేదనుకున్నవారు చాలామంది. ఆ ఆటలు వెతికి చూడండి. చూసేటప్పుడు డార్క్ టెంప్లార్ వేట్లతోపాటు బిసు ఇంటి వెనుక నడిపిన లెక్కనూ గమనించండి. దాడి సాగుతున్నంతసేపూ అతని ప్రోబ్‌లు పెరుగుతూనే ఉంటాయి.

రెండో నెక్సస్, సాధన

రెండో నెక్సస్ ఎప్పుడు? టెర్రన్ మీద రెండు మూడు డ్రాగూన్లు గుమ్మం బయట నిలబడ్డాక పెట్టేయవచ్చు. జెర్గ్ మీద ఫోర్జ్ అనే కట్టడం, దాని తర్వాత వచ్చే కెనన్లతో దిగువ చోటును కాపాడుకుంటూ ముందే పెట్టడం వాడుక. ప్రోటాస్ మీద తొందరపడకండి. ఎదుటివాడి గేట్‌వేలు మీకంటే ఎక్కువగా ఉంటే 400 మినరల్స్ నెక్సస్‌లో పోసి నిలబడలేరు. ఒక్కో స్ఫటికానికి ఇద్దరేసి ప్రోబ్‌లు నిండాక కొత్తగా పుట్టేవాటితో పెద్ద లాభం ఉండదు. ఆ స్థితికి వచ్చారంటే రెండో స్థావరానికి వేళైంది. కొత్త నెక్సస్ పూర్తవగానే పాత చోటి ప్రోబ్‌లలో కొన్నింటిని అక్కడికి మార్చండి, ఇది చాలామంది వదిలేసే పని.

సాధనకు నా పద్ధతి చెబుతాను. మొదట కంప్యూటర్‌తో ఆడండి, కానీ గెలవాలని ఆడకండి. ఎనిమిదో నిమిషం దాకా ఆడి ఆపేయండి. ఆ ఎనిమిది నిమిషాల్లో చూసుకోవాల్సినవి మూడే: మినరల్స్ అంకె ఎప్పుడైనా 300 దాటిందా, నెక్సస్ ఎప్పుడైనా ఖాళీగా ఉందా, సప్లై ఎప్పుడైనా ఆగిపోయిందా. యుద్ధం లేకుండా ఈ మూడూ శుభ్రంగా వస్తే, అప్పుడు కంప్యూటర్ సైన్యాన్ని ఇంటిదాకా రానిచ్చి, పోరాడుతూనే అవే మూడూ చూసుకోండి. చేతులు ఆగకుండా తిరుగుతున్నాయని తెలిశాక మనుషులతో ఆడండి.

మనుషులతో ఆడిన ప్రతి ఆటనూ రీప్లేలో చూడవచ్చు. ఈ సౌకర్యం 2001లో వచ్చిన 1.08 కూర్పుతో చేరింది. ఓడిన ఆటను చూసేటప్పుడు చివరి యుద్ధం దగ్గరికి నేరుగా వెళ్లకండి. ఆ యుద్ధానికి నాలుగు నిమిషాల ముందు ఆపి, ఇద్దరి పనివాళ్లను లెక్కపెట్టండి. తర్వాత ఇద్దరి మినరల్స్ చూడండి. ఎదుటివాడికి పనివాళ్లు ఎక్కువుంటే మీ నెక్సస్ ఎక్కడ ఖాళీగా ఉందో వెనక్కి వెళ్లి వెతకండి. పనివాళ్లు సమానంగా ఉండి మీ డబ్బు మిగిలి ఉంటే, ఎన్ని గేట్‌వేలు తక్కువయ్యాయో లెక్కకట్టి, తర్వాతి ఆటలో ఆ అంకెను కాగితం మీద రాసుకుని కూర్చోండి. రెండూ సమానంగా ఉంటే మాత్రం అప్పుడు యుద్ధం చూడండి: ఎవరు మెరక మీద ఉన్నారు, ఎవరి జీలట్లు ముందున్నాయి, అబ్జర్వర్ ఎక్కడుంది.